ఉక్కునగరంలో సెక్టర్ 7

కొలిమికి కోక్ కావాలి. కోక్‌కు తగిన బొగ్గు మన నేలలో కొరత. ఆ కొరతను బొగ్గుపొడి ఎంతవరకు తీర్చగలదు?

విశాఖపట్నం నుండి భిలాయికి రెండు తరగతుల ప్రయాణికులు వెళ్తారు. మొదటివారు మనుషులు. రెండవది బొగ్గు. విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్‌ల మీదుగా దుర్గ్ వరకు దాదాపు 565 కిలోమీటర్లు సాగే రైలుమార్గంలో ఉభయులూ ఒకే పట్టాలపై నడుస్తారు.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పల్లెల నుండి పని వెదుకుతూ బయలుదేరిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ దారినే భిలాయి చేరాయి. వారి మనుమలు నేడు, 2024 సెప్టెంబరులో ప్రారంభమైన వందే భారత్ రైలులో ఆ దూరాన్ని ఒక్క పగటిలో దాటుతున్నారు. బొగ్గు ప్రయాణం ఇంతకన్న దీర్ఘమైనది. ఆస్ట్రేలియా వంటి దూరదేశాల గనులలో వెలువడి, సముద్రం దాటి, విశాఖ తీరాన దిగి, వ్యాగన్లకెక్కి, తూర్పు కనుమలను దాటుకొని అది ఛత్తీస్‌గఢ్ మైదానానికి వస్తుంది.

ఇందులో ఒక చిత్రమున్నది. రాయపూర్–విజయనగరం మార్గం 1931లో పూర్తయినది. విశాఖ రేవు 1933లో తెరువబడింది. మధ్య భారతపు ఖనిజ సంపదను సముద్రానికి చేర్చడమే ఆనాటి ఉద్దేశం. నేడు అదే దారిలో సరుకు ఎదురు నడక నడుస్తున్నది. ఖనిజం పుష్కలంగా ఉన్న నేలకు సముద్రం మీదుగా బొగ్గు రావలసి వచ్చింది. ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం భిలాయి కొలిమిలో ఉన్నది. ఆ కొలిమిని అర్థం చేసుకోవాలంటే, దానిని నడిపే మనుషులు నివసించే వీధుల నుండి మొదలుపెట్టడం మంచిది.

వీధులకు అంకెలు, ఇండ్లకు అంకెలు

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. నాలుగేళ్లు తిరిగేసరికి, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ భిలాయి మొదటి బ్లాస్ట్ కొలిమిని ప్రారంభించారు. వరిచేల నడుమ లేచిన ఆ కర్మాగారానికి తోడుగా ఒక నగరం కూడా లేచింది. తూర్పున కర్మాగారం, పడమట పాత పట్టణమైన దుర్గ్, నడుమ సెక్టర్లు. పేర్లకు బదులు అంకెలు.

సెక్టర్ 7 వాటిలో ఒకటి. యాత్రికుని నిలువరించే గోపురం గాని కోట గాని ఇక్కడ లేదు. తిన్నని వీధులు, వీధికొక అంకె, ఇంటికొక అంకె, ప్రహరీ లోపల ఒక జామచెట్టో మునగచెట్టో. ఈ సెక్టర్‌లోని కళ్యాణ్ కళాశాల మాత్రం చుట్టుపక్కల అంతటా ప్రసిద్ధం. కార్మికుల బిడ్డలు తరాల తరబడి అక్కడ పట్టభద్రులైనారు. ఒక వీధిలో పది ఇండ్లుంటే అయిదారు మాతృభాషలుంటాయి. బెంగాలీ, మలయాళం, పంజాబీ, ఒడియా, ఛత్తీస్‌గఢీల నడుమ తెలుగు కూడా గట్టిగానే వినిపిస్తుంది. సమీపంలోని సెక్టర్ 5లో ఆంధ్ర సాహిత్య సమితి వారి బాలాజీ మందిరం ఉన్నది; ఖుర్సీపార్ వంటి శ్రామిక వాడలలో ఉత్తరాంధ్ర యాస నేటికీ చెదరలేదు.

ఈ నగరానికి గడియారం కర్మాగారమే. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి – మూడు షిఫ్టులు. ఒక ఇంట దీపం ఆర్పే వేళకు పక్క ఇంట టిఫిన్ డబ్బా కడతారు. దీపావళికి, ఉగాదికి కూడా కొలిమి సెలవు పుచ్చుకోదు. ఒకసారి రాజుకొన్న బ్లాస్ట్ కొలిమి, మరమ్మతుల విరామాలు తప్ప, ఏళ్ల తరబడి మండుతూనే ఉండాలి. అది చల్లబడితే లోపలి ఇనుము, లోహమలం గడ్డకట్టి కొలిమి మొత్తం ఒక బండగా మారుతుంది. ఇరుగుపొరుగు ఇండ్లలో నివసించే ఈ మనుషులు వంతులవారీగా కాపాడుతున్నది ఆ నిప్పునే.

కోక్ చేసే మూడు పనులు

బ్లాస్ట్ కొలిమి స్వరూపం సులభమైనదే. పైనుండి ఇనుప ఖనిజం, సున్నపురాయి, కోక్ పొరలు పొరలుగా వేస్తారు. క్రింద, చుట్టూ అమర్చిన గాలిముక్కుల గుండా – వీటిని ట్వియర్లు అంటారు – వేయి డిగ్రీల సెంటిగ్రేడ్‌కు మించి కాగిన గాలిని ఊదుతారు. మన కమ్మరి తిత్తి చేసే పనే ఇది. కొలత మాత్రం వేరు. ఒక టన్ను ఇనుము తీయడానికి ఊదే గాలి బరువే టన్నుకు మించుతుంది.

ఖనిజానికి ఇక్కడ లోటు లేదు. ఎనభై పైచిలుకు కిలోమీటర్ల దూరాన ఉన్న దల్లీ–రాజహరా కొండలు తొలినాటి నుండి భిలాయిని పోషించాయి. సున్నపురాయి నందినీ గనుల నుండి వచ్చింది. చిక్కంతా కోక్‌తోనే.

కోక్ అంటే గాలి తగలకుండా కాల్చిన బొగ్గు. బొగ్గును మూసిన గదులలో దాదాపు వేయి డిగ్రీల వేడిమిలో పదహారు, పద్ధెనిమిది గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కాల్చితే, తారు, వాయువులు తొలగి గట్టి, బోలు గడ్డలు మిగులుతాయి. అయితే ప్రతి బొగ్గూ కోక్ కాలేదు. వేడికి మెత్తబడి, ఉబ్బి, మరల గట్టిపడి ముద్దగా నిలిచే గుణం కొన్ని బొగ్గులకే ఉన్నది. మన దేశంలో అట్టి బొగ్గుకు ప్రధాన స్థానం ఝరియా. అందులోనూ బూడిద పాలు ఎక్కువ. కడిగి శుభ్రపరచినా పూర్తిగా పోదు. కావుననే భారతదేశం ఇటీవలి సంవత్సరాలలో ఏటా అయిదు కోట్ల టన్నులకు పైగా కోకింగ్ బొగ్గును దిగుమతి చేసుకొంటున్నది.

కొలిమిలో కోక్ మూడు పనులు చేస్తుంది. ఒకటి, మండి వేడినిస్తుంది. రెండు, తాను మండగా పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ వాయువు ద్వారా ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగివేసి ఇనుమును విడిపిస్తుంది. మూడవది కంటికి తోచనిది: బరువు మోస్తుంది. కొలిమి నడుమ ఖనిజం మెత్తబడి జారిపోయేచోట గట్టిగా నిలిచేది కోక్ ఒక్కటే. పైనున్న వందల టన్నుల భారాన్ని అది మోస్తుంది. తన సందుల గుండా వేడిగాలి పైకి, కరిగిన ఇనుము క్రిందికి పోవడానికి దారి ఇస్తుంది.

బొగ్గుపొడి కథ అంతా ఈ మూడు పనుల లెక్కపైనే నడుస్తుంది.

పొయ్యిలో పొడి చల్లిన వైనం

ఇనుముకు, ఇంధనానికి మధ్య పేచీ ప్రాచీనమైనది. మధ్య భారతపు అగరియా తెగవారు మట్టికొలుములలో కర్రబొగ్గుతోనే ఇనుము తీశారు. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో వండిన ఉక్కు పశ్చిమాసియా కత్తులకు ప్రఖ్యాతి తెచ్చింది. ఇంగ్లండులో అడవులు తరిగిపోయి కర్రబొగ్గు ప్రియమైనప్పుడు, 1709లో కోల్‌బ్రూక్‌డేల్‌లో అబ్రహాం డార్బీ కోక్‌తో ఇనుము కరిగించాడు. 1828లో స్కాట్లండుకు చెందిన జేమ్స్ బోమాంట్ నీల్సన్ గాలిని ముందుగా కాచి ఊదే పద్ధతికి హక్కు పొంది, ఇంధనాన్ని ఎంతో ఆదా చేశాడు. పొదుపు మార్గాలు వెదకడం నాటి నుండి ఆగలేదు.

ఇరువదవ శతాబ్ది నడిమి కాలాన కోక్‌లో కొంత తగ్గించి, క్రింది గాలిముక్కుల నుండి నూనెను చిమ్మడం ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. నూనె చవకగా ఉన్నంతకాలం అది బాగానే సాగింది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, ఆష్‌లాండ్‌లోని ఆర్మ్‌కో సంస్థ మాత్రం 1960 దశకంలోనే నూనెకు బదులు బొగ్గును పొడిచేసి ఊదింది. చైనాలోనూ ఆ దశాబ్దంలోనే ప్రయత్నాలు జరిగాయి. 1973, 1979 చమురు సంక్షోభాలు వచ్చి నూనె ధర ఆకాశాన్నంటగానే అందరి దృష్టీ బొగ్గుపొడి వైపు మళ్లింది. 1981లో జపాన్‌లోని ఓయితా కర్మాగారం దీనిని చేపట్టింది. 1990 దశకంలో మన జంషెడ్‌పూర్‌కు వచ్చింది. భిలాయిలో 2018లో రాజుకొన్న ఎనిమిదవ కొలిమి 'మహామాయ'కు ఈ ఏర్పాటు పుట్టుకతోనే అమరింది.

కొలుములకు పేర్లు పెట్టడం మన ఉక్కునగరాల ఆచారం. విశాఖలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ, భిలాయిలో మహామాయ. ఘనపరిమాణం 4060 ఘనపు మీటర్లు. దినానికి ఎనిమిది వేల టన్నుల ఇనుము ఇవ్వగల కొలిమి.

గుగ్గిలం, దివిటీ

గడ్డబొగ్గును పొడి చేయడం దేనికి? పాతకాలపు వీధిభాగవతం చూచినవారికి ఇది చెప్పనవసరం లేదు. హిరణ్యకశిపుడు రంగప్రవేశం చేసేవేళ దివిటీపై గుగ్గిలపు పొడి చల్లేవారు. గుప్పెడు పొడి భగ్గున మింటికెగసేది. అదే గుగ్గిలం గడ్డగా వేస్తే మెల్లగా పొగలు కక్కేది. పొడి అయినకొద్దీ గాలి తగిలే ఉపరితలం పెరుగుతుంది. మంట వేగం పెరుగుతుంది.

కొలిమికి ఊదే బొగ్గును ఇంచుమించు తలవెంట్రుక మందమంత సన్నగా, విభూతివలె విసురుతారు. తడి దాదాపు పూర్తిగా పోయేవరకు ఆరబెడతారు. ఇట్టి పొడి గాలిలో కలిస్తే పేలుడు పదార్థమే. కావున మరను, గోదాములను ఆక్సిజన్ తక్కువగా ఉండే వాయువుతో నింపి, పొడిని నైట్రోజన్ ఒత్తిడితో గొట్టాల గుండా నడుపుతారు. పెద్ద కొలిమికి ముప్పై పైచిలుకు గాలిముక్కులుంటాయి. ఒక్కొక్కదానికి ఒక సన్నని గొట్టం. పొడి ఆ గొట్టం చివర నుండి సెకనుకు రెండువందల మీటర్ల వేగంతో దూసుకుపోయే వేడిగాలిలో పడుతుంది. 2014లో విశాఖను కుదిపిన హుద్‌హుద్ తుపాను గాలికి ఇది మూడు రెట్లకు మించిన వేగం. ఎదురుగా రెండువేల డిగ్రీలు దాటిన మంట. మండిపోవడానికి ఆ రేణువుకు దక్కే సమయం రెప్పపాటులో పదవవంతు.

ఆ వ్యవధిలో మండినదంతా లాభం. మండకుండా మిగిలినది మసియై కోక్ సందులలో చేరి గాలిదారిని మూసివేస్తుంది. అందుకే పొడితోబాటు గాలిలో ఆక్సిజన్ పాలు కూడా పెంచుతారు.

ఈ పొడి ఎంత ఎక్కువైనా మొదటి రెండు పనులే చేయగలదు. వేడినిస్తుంది, వాయువునిస్తుంది, బరువు మోయలేదు. పైగా కోక్ తగ్గినకొద్దీ, మిగిలిన కోక్‌పై భారం పెరుగుతుంది. టన్ను ఇనుముకు దాదాపు అయిదువందల కిలోల ఇంధనం కావలసిన చోట, ప్రపంచంలోని ఉత్తమ కొలుములు రెండువందల కిలోల వరకు పొడి ఊదగలుగుతున్నాయి. మిగిలిన మూడువందల కిలోల కోక్ మాత్రం మునుపటికంటె మేలైనదై ఉండాలి. పొదుపు చేయాలంటే ముందు నాణ్యతకు ఖర్చు పెట్టాలన్నమాట.

నీలి అద్దంలో చూచేవారు

గాలిముక్కు వెనుక చిన్న కిటికీ ఒకటి ఉంటుంది. దానికి నీలి అద్దం అడ్డుపెట్టి చూస్తే లోపల కోక్ గడ్డలు మంటలో గిరగిర తిరుగుతూ కనిపిస్తాయి. ఆ వెలుగులో ఒక నల్లని తోకవలె పొడి ధార అవుపిస్తుంది. తోక తిన్నగా ఉన్నదా, పక్కకు తిరిగి గోడను కొరుకుతున్నదా, అసలు ఆగిపోయినదా? కొలతల యంత్రాలు ఎన్ని వచ్చినా, అనుభవజ్ఞుడు ఒకసారి నీలి అద్దంలో చూడనిదే తృప్తిపడడు. ముప్పై ముక్కులలో రెండింటికి పొడి అందకపోతే కొలిమి ఒక పక్క వేడెక్కి ఒక పక్క చల్లబడుతుంది.

దీనికి మించిన పరీక్ష మరొకటి ఉన్నది. కొలిమి చల్లబడుతున్నదని పొడి పాలు పెంచితే, అది వెంటనే వేడెక్కదు. చల్లని పొడి అధికంగా పడడంతో మంట వేడి మొదట కొంత తగ్గుతుంది. దాని మేలు ఇనుములో కనిపించడానికి గంటలు పడుతుంది. ఈలోగా ఓపిక చాలక మరికొంత పెంచినవాడు, తరువాతి షిఫ్టువారికి మితిమీరి వేడెక్కిన కొలిమిని అప్పగించి ఇంటికి పోతాడు. తొందరపడి తగ్గించినవాడు చల్లబడిన కొలిమిని అప్పగిస్తాడు.

అనగా, ఒక షిఫ్టు చేసిన పనికి ఫలితం రెండవ షిఫ్టు అనుభవిస్తుంది. నిర్ణయం తీసుకొన్నవాడు సెక్టర్ 7లో నిద్రపోతుంటే, ఆ నిర్ణయం పొరుగింటి వాని చేతిలో కరిగిన ఇనుమై వస్తుంది. షిఫ్టు మారేటప్పుడు పుస్తకంలో వ్రాసే నాలుగు వాక్యాలకు, నిలబడి చెప్పుకొనే నాలుగు మాటలకు ఇక్కడ అంత విలువ. పది మాతృభాషలవారు ఒకరి మాట ఒకరు నమ్మి పనిచేయడం ఈ నగరం నేర్చుకొన్న పెద్ద విద్య.

కొలిమి నుండి వెలువడే వాయువు సంగతి కూడా చెప్పుకోవాలి. ఖనిజం నుండి ఇనుమును విడిపించే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, మనిషికి ప్రాణాంతకం. 2014 జూన్ 12న భిలాయిలోని ఒక పంపుహౌసులో ఈ వాయువు వ్యాపించి, ఉన్నతాధికారులతో సహా ఆరుగురు మరణించారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ వాయుగొట్టం వద్ద చెలరేగిన మంటలు పదిమందికి పైగా ప్రాణాలను బలిగొన్నాయి. సెక్టర్ల వీధులలో ఆ తేదీలు మరపురానివి. డబ్బాలో అన్నం కట్టి పంపిన ఇల్లాలికి షిఫ్టు ముగిసే వేళ కేవలం గడియారపు అంకె కాదు.

పొదుపు లెక్క

టన్ను ఇనుముకు నూరు కిలోల పొడి ఊదితే ఏమవుతుంది? మహామాయ వంటి కొలిమికి దినానికి ఎనిమిదివందల టన్నుల పొడి కావాలి. ఒక కిలో పొడి దాదాపు 850 గ్రాముల కోక్‌కు సాటి అనుకొంటే, ఆదా అయ్యే కోక్ సుమారు 680 టన్నులు. అంత కోక్ వండడానికి తొమ్మిదివందల టన్నుల చిల్లర కోకింగ్ బొగ్గు పడుతుంది. అనగా ఒక్క కొలిమికి, ఒక్క దినానికి, పదిహేను వ్యాగన్ల మేలిరకం బొగ్గు మిగిలినట్లే. కోక్ ఓవెన్ల పొగ, తారు ఆ మేరకు తగ్గడం అదనపు లాభం.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉన్నది. పొడికి ముద్దకట్టే గుణం అవసరం లేదు గాని, బూడిద తక్కువగా ఉండాలి. బూడిద ఎక్కువైతే దానిని కరిగించి లోహమలంగా మార్చడానికే మరికొంత ఇంధనం వ్యయమవుతుంది. మన గనులలో సమృద్ధిగా దొరికే సాధారణ బొగ్గులో బూడిద తరచు నూటికి ముప్పై పాళ్లు దాటుతుంది. కొలిమికి కావలసినది పది పాళ్లకు లోపు. కావున ఊదే బొగ్గు కూడా చాలావరకు సముద్రం దాటియే వస్తున్నది. ప్రియమైన దిగుమతికి బదులు కొంత చవకైన దిగుమతి. బొగ్గుపొడి మనకిచ్చినది పొదుపే. స్వావలంబన ఇంకా దూరాన ఉన్నది. ఈ వాస్తవాన్ని మరుగుపరచక చెప్పుకోవడం మేలు.

రేపటి నిప్పు

బొగ్గు మండినంతకాలం బొగ్గుపులుసు వాయువు తప్పదు. బ్లాస్ట్ కొలిమి మార్గంలో ఒక టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా ఆ వాయువు ఆకాశంలో కలుస్తుంది. 2070 నాటికి నికర ఉద్గారాలను శూన్యం చేస్తామని 2021లో భారతదేశం ప్రకటించింది. ఆ దిశగా, 2023 ఏప్రిల్‌లో జంషెడ్‌పూర్‌లోని ఒక కొలిమిలో బొగ్గుపొడి ఊదే గొట్టాలలో నూటికి నలుబదింటి నుండి హైడ్రోజన్ ఊది చూచారు. ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగివేసి హైడ్రోజన్ నీటి ఆవిరిగా మారుతుంది. అయినా బరువు మోసే మూడవ పని దానికీ చేతకాదు. కోక్ గడ్డ అవసరం బ్లాస్ట్ కొలిమి ఉన్నంతకాలం తీరదు. పూర్తిగా తీరాలంటే కొలిమి స్వరూపమే మారాలి.

భిలాయిలో మార్పులు ఇప్పటికే కనిపిస్తున్నాయి. రాజహరా ఖనిజం తరుగుతున్నందున రైలుపట్టాలు రావ్‌ఘాట్ కొండల వైపు సాగాయి. పాత క్వార్టర్లలో పెరిగిన పిల్లలు హైదరాబాదుకు, బెంగుళూరుకు, సముద్రాల ఆవలికి వెళ్లి స్థిరపడుతున్నారు. పదవీ విరమణ చేసిన తల్లిదండ్రులలో కొందరు సొంత ఊళ్లకు తిరిగిపోగా, పలువురు ఈ నీడగల వీధులను విడువలేక దుర్గ్, భిలాయి చుట్టుపక్కలనే ఇండ్లు కట్టుకొన్నారు.

యాత్రికుడు సాయంకాలం సెక్టర్ 7 వీధిలో నడిస్తే, తూర్పు దిక్కున ఆకాశం అప్పుడప్పుడు ఎరుపెక్కడం చూడగలడు. ఆ ఎరుపు వెనుక తయారైన ఇనుము ఉక్కుగా మారి, పట్టాలుగా సాగుతుంది. ఒక్క ముక్కగా 130 మీటర్ల పొడవు, అతుకుపెట్టి 260 మీటర్లు. భారతీయ రైల్వేలకు పట్టాలు సమకూర్చడంలో దశాబ్దాలుగా అగ్రస్థానం భిలాయిదే. దేశమంతటా రైలు ప్రయాణికుల బరువు ఆ పట్టాలపైన పడుతుంది. పట్టాల పుట్టుకలో ఖనిజం బరువును కోక్ మోస్తుంది. కోక్ బరువు బాధ్యతను, ఒక షిఫ్టు నుండి మరొక షిఫ్టుకు అప్పగించుకొంటూ, ఈ అంకెల వీధులలోని మనుషులు మోస్తున్నారు. పొడి ఎంత సన్నగా విసిరినా, ఆ పనికి ప్రత్యామ్నాయం ఇంకా దొరకలేదు.